శీనూకి, మన వారం రోజుల రోడ్ ట్రిప్ గురించి

ఒరేయ్ శీనూ,

నీ ప్లాన్ మొత్తం చదివాను రా, మీ చెల్లెలికి కూడా చూపించాను. వారం రోజుల్లో పారిస్, ఆమ్‌స్టర్‌డామ్, స్విట్జర్లాండ్, ప్రాగ్, మళ్ళీ ఫ్రాంక్‌ఫర్ట్ వచ్చి ఫ్లైట్ ఎక్కడం. అందులో నువ్వు చూసేది ఎక్కువగా హైవేలూ పార్కింగులే రా, పైగా బాబాయ్‌ని వెంటేసుకుని రోజుకో హోటల్ మారడం అస్సలు వద్దు. నువ్వు ఫోన్లో అడిగింది ఏంటి, పాత కోటలు, మఠాలు, ద్రాక్షతోటలు, కాస్త అడవి, జనం తక్కువుండాలి అని కదా. అవన్నీ జర్మనీలో మా మైన్జ్ ఇంటి నుంచి గంటా గంటన్నర దూరంలోనే ఉన్నాయి. కాబట్టి నా మాట విను, వారం మొత్తం రైన్, మోసెల్ అనే రెండు నదుల మధ్యే గడుపుదాం, ఒక్క దేశం కూడా దాటొద్దు. పారిస్ ఎక్కడికీ పోదు, ఇంకోసారి రావచ్చు.

సెప్టెంబర్ ఆఖరి వారం అయితే బెస్ట్. ఎండ మెత్తగా ఉంటుంది, ద్రాక్ష కోతలు మొదలవుతాయి, కోటలన్నీ ఇంకా తెరిచే ఉంటాయి, అదే నవంబర్ అయితే సగం మూసేస్తారు.

మొదటి రోజు మాత్రం డ్రైవింగ్ పెద్దగా పెట్టుకోవద్దు. మీరు దిగాక ఇంటికొచ్చి స్నానాలు చేసి, అన్నం పప్పు తిని, ఓపికుంటే సాయంత్రం ఎబర్‌బాఖ్ మఠానికి వెళ్దాం, చాలా దగ్గర. 1136లో సిస్టర్షియన్ అనే క్రైస్తవ శాఖ సన్యాసులు మొదలెట్టిన మఠం అది. వాళ్ళ నియమం ఏంటంటే తమ తిండి తామే పండించుకోవాలి, అలంకారాలు ఉండకూడదు, అందుకే లోపల రంగులూ బంగారాలూ ఏమీ ఉండవు, ఉత్త రాయి, వెలుతురు, అంతే. సన్యాసులు పడుకునే హాలు ఒకటుంది, డెబ్బై మీటర్లకి పైగా పొడవు, తలుపు దగ్గర నిలబడి చూస్తే ఆ స్తంభాలు అలా వెళ్తూనే ఉంటాయి. 1803లో మఠాల ఆస్తులన్నీ ప్రభుత్వాలు తీసేసుకున్నాయి, అప్పట్నుంచి అక్కడ సన్యాసులు లేరు, కానీ వాళ్ళు నాటిన ద్రాక్ష వ్యవసాయం మాత్రం ఇప్పటికీ నడుస్తోంది, హెస్సె రాష్ట్ర ప్రభుత్వమే వైన్ చేసి అమ్ముతుంది. ద్రాక్ష పిండే పాత చెక్క యంత్రాలు కూడా అలాగే ఉంచారు, అవి చూశాక బాబాయ్ అక్కడి నుంచి కదలరని నా నమ్మకం.

రెండో రోజు రైన్ లోయ. రూడెస్‌హైమ్ ఊరి పైన ద్రాక్షతోటల మధ్య సెయింట్ హిల్డెగార్డ్ మఠం ఉంటుంది, అక్కడ మాత్రం సన్యాసినులు ఇప్పటికీ ఉన్నారు, వాళ్ళే తోట చూసుకుంటారు, వాళ్ళే వైన్ చేస్తారు. ఈ హిల్డెగార్డ్ ఎవరంటే 1098లో పుట్టిన ఆవిడ, మఠాధిపతి, సంగీతం కట్టింది, మొక్కల మీద వైద్యం మీద రాసింది, రాజులకీ పోపులకీ కూడా మొహమాటం లేకుండా ఉత్తరాలు రాసేది. చెల్లెమ్మకి ఈవిడ గురించి ముందే చెప్పు, తనకి బాగా నచ్చుతుంది. బిల్డింగ్ మాత్రం పాతది కాదు, 1900 తర్వాత కట్టిందే, పాత రాళ్ళు కావాలనుకుంటే ఎబర్‌బాఖే.

అక్కడ్నుంచి కిందకి దిగితే బింగెన్ నుంచి కొబ్లెంజ్ దాకా 65 కిలోమీటర్ల లోయ, 2002 నుంచి యునెస్కో లిస్టులో ఉంది. పాపికొండల మధ్య గోదావరి ఎలా ఇరుగ్గా అయిపోతుందో అలా ఉంటుంది రా, కాకపోతే ఇక్కడ కొండకో కోట, నలభై దాకా ఉంటాయి. ఇన్ని కోటలెందుకు అని అందరూ అడుగుతారు, కారణం సుంకం. ఆ కాలంలో సరుకంతా నది మీదే పోయేది, కొండ మీద కోట కట్టుకున్న ప్రతి దొరా, బిషప్పూ కింద పడవని ఆపి డబ్బులు వసూలు చేసేవాడు. కౌబ్ ఊరి దగ్గర నది మధ్యలో ఫాల్జ్‌గ్రాఫెన్‌స్టైన్ అని ఒక బుల్లి కోట కనిపిస్తుంది, 14వ శతాబ్దంలో అచ్చంగా సుంకం కోసమే కట్టింది, ఓడ ఆకారంలో ఉంటుంది. చిన్నోడు దాన్ని చూసి ఎగిరి గంతేస్తాడు, పడవలో తీసుకెళ్ళి లోపల కూడా చూపిస్తారు, కానీ వారం వారం టైమింగ్స్ మారుతుంటాయి, నేను చూసి పెడతాను.

ఇంకో విషయం, మైన్జ్ దాటాక కొబ్లెంజ్ వచ్చేదాకా రైన్ మీద ఒక్క వంతెన లేదు. అవతలి ఒడ్డుకి పోవాలంటే కారుతో సహా ఫెర్రీ ఎక్కాల్సిందే, ఐదు నిమిషాల పని, బాబాయ్‌కి కారులోంచి దిగే శ్రమ కూడా ఉండదు. మార్క్స్‌బుర్గ్ కోటకి ఆ రోజే వెళ్ళాలి. ఈ లోయలో కొండల మీదున్న కోటల్లో ఎప్పుడూ కూలని కోట అదొక్కటే, మిగతావి చాలామటుకు 17వ శతాబ్దం చివర్లో ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ సైన్యాలు పేల్చేశాయి, తర్వాత 19వ శతాబ్దంలో ప్రష్యా అనే అప్పటి జర్మన్ రాజ్యం రాజులూ డబ్బున్నవాళ్ళూ ముచ్చటపడి మళ్ళీ కట్టుకున్నారు. ఈ తేడా ముందే తెలిస్తే చూసేటప్పుడు కళ్ళు వేరేగా పనిచేస్తాయి, ఏది నిజంగా పాతది, ఏది పాతదానిలా కట్టింది అని. మార్క్స్‌బుర్గ్ లోపల మాత్రం నేల ఎగుడుదిగుడు బండరాళ్ళు, బాబాయ్ మోకాళ్ళ సంగతి నువ్వే చెప్పాలి, కష్టమనుకుంటే ఆయనా మీ చెల్లెలూ కింద బ్రౌబాఖ్‌లో కాఫీ తాగుతూ కూర్చుంటారు. లోరెలై కొండ దారిలోనే వస్తుంది, 132 మీటర్ల రాయి, పైన కూర్చుని జుట్టు దువ్వుకునే అమ్మాయి కథ అందరూ చెప్తారు, ఫోటో తీసుకుని కదిలిపోదాం.

రాత్రుళ్ళు మాత్రం రైన్ లోయలో వద్దు రా. రెండు ఒడ్డులా రైలు పట్టాలు, తెల్లవార్లూ గూడ్సు బళ్ళే, ఆ కొండల మధ్య మోత ఇంకా ఎక్కువ. అందుకే మూడో రోజు నుంచి మకాం మోసెల్ మీద, బ్రెమ్ అనే ఊళ్ళో, నాలుగు రాత్రులు ఒకే ఇంట్లో. హోటల్ కాదు, వంటిల్లున్న ఇల్లు అద్దెకి తీసుకుందాం. పెద్ద సూట్‌కేసులు మా ఇంట్లో వదిలేసి తలా ఒక చిన్న బ్యాగ్, అప్పుడు ఆరుగురం ఒక సెవెన్ సీటర్‌లో హాయిగా పడతాం.

మోసెల్ గురించి చెప్పాలంటే నాకు ఆగదు. ట్రియర్ నుంచి కొబ్లెంజ్‌కి నేరుగా వెళ్తే ఎంత దూరమో ఈ నది దానికి రెట్టింపు తిరుగుతుంది, మెలికలే మెలికలు. బ్రెమ్ దగ్గర దాదాపు గుండ్రంగా తిరిగి వెనక్కొస్తుంది, ఆ మలుపు లోపలి గట్టున స్టూబెన్ అనే పాత సన్యాసినుల మఠం శిథిలం, పైకప్పు లేదు, గోడలే ఉన్నాయి, చుట్టూ ద్రాక్ష. ఎదురుగా కాల్మోంట్ కొండ, యూరప్‌లోనే బాగా నిట్టనిలువుగా ఉండే ద్రాక్షతోటల్లో ఒకటి, కొన్నిచోట్ల 65 డిగ్రీల వాలు. అక్కడ ట్రాక్టర్ వెళ్ళదు, మనిషి చేత్తోనే చెయ్యాలి, ఒక సన్నటి ఇనప పట్టా మీద చిన్న బండి కూలీల్నీ ద్రాక్షనీ మోసుకుని ఎక్కుతుంటుంది. ఇంత కష్టం ఎందుకంటే ఆ వాలు మీద ఎండ సూటిగా పడుతుంది, నేలంతా నల్లటి పలకరాయి, పగలు వేడి పీల్చుకుని రాత్రి తీగలకి ఇస్తుంది, ఈ చలి దేశంలో రీస్లింగ్ ద్రాక్ష పండటానికి అదే ఆధారం. ఆ తోటల మధ్య నిచ్చెనలూ తాళ్ళూ పట్టుకుని నడిచే బాట ఉంది, నువ్వూ నేనూ ఒక పొద్దున వెళ్దాం, చిన్నోడు వద్దు.

సాయంత్రాలు రైతుల ఇళ్ళ దగ్గరే భోజనం. ద్రాక్ష రైతులు ఏడాదిలో నాలుగు నెలలు తమ ఇంట్లోనే చిన్న హోటల్ నడుపుకోవచ్చు, లైసెన్స్ అక్కర్లేదు, కానీ నలభై సీట్లు దాటకూడదు, సొంత వైన్ అమ్మాలి. తెరిచి ఉందని గుర్తుగా గుమ్మానికి కొమ్మల గుత్తో చీపురో కడతారు. ఆ సీజన్లో ఫెడర్‌వైసర్ అని ఇంకా పులుస్తూ ఉన్న కొత్త వైన్ దొరుకుతుంది, తియ్యగా బుడగలు బుడగలుగా ఉంటుంది, సీసాకి మూత గట్టిగా బిగించరు ఎందుకంటే గ్యాస్ బయటికి పోవాలి, కాబట్టి కారులో నిలబెట్టే పట్టుకెళ్ళాలి. దాంతో ఉల్లిపాయ కేకు తింటారు, అందులో చాలాసార్లు పంది మాంసం ముక్కలు ఉంటాయి, చెల్లెమ్మ కోసం అడిగి లేనిదే ఆర్డర్ చేద్దాం. బాబాయ్‌కీ చిన్నోడికీ అక్కడి ద్రాక్షరసం, అదీ చాలా బాగుంటుంది. ఒక్కటి మాత్రం ఖాయం, ఆ రోజు స్టీరింగ్ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు చుక్క కూడా ముట్టరు. ఇక్కడ రక్తంలో ఆల్కహాల్ లిమిట్ వెయ్యికి 0.5 వంతు అని ఉన్నా మనం సున్నా అనుకుందాం.

ఇక ఎల్ట్జ్ కోట. వారంలో ఒక్కటే చూడగలవు అంటే ఇదే చూపిస్తాను. నది ఒడ్డున కాదు, అడవి లోపల చిన్న వాగు పక్కన, ఒక మలుపు తిరగ్గానే మొత్తం ఒక్కసారి కనిపిస్తుంది. 850 ఏళ్ళకి పైగా ఒకే కుటుంబం చేతిలో ఉంది. ఒక దశలో మూడు శాఖలు వేరుపడ్డా కోట పంచుకుని ఒకే గోడలోపల వేరే వేరే ఇళ్ళు కట్టుకుని ఉన్నారు, అందుకే అన్ని గోపురాలు అలా ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టుంటాయి. ఫ్రెంచ్ సైన్యం చుట్టుపక్కలవన్నీ తగలబెట్టినప్పుడు కూడా ఇది మిగిలింది, ఎందుకంటే ఆ కుటుంబంలో హాన్స్ అంటోన్ అనే అతను ఫ్రెంచ్ సైన్యంలోనే ఆఫీసరు, అతను అడ్డుపడ్డాడు. జర్మనీ పాత 500 మార్కుల నోటు మీద ఈ కోట బొమ్మే ఉండేది. మనం మోసెల్‌కెర్న్ నుంచి వాగు వెంట అడవిలో నడుచుకుంటూ వెళ్దాం, గంటన్నర లోపే, బాబాయ్‌ని మీ చెల్లెలు కారులో పైకి తీసుకొస్తుంది, పార్కింగ్ నుంచి కోట దాకా చిన్న బస్సు ఉంది. లోపల ఫోటోలు తియ్యనివ్వరు, గైడ్ వెంటే తిరగాలి. పొద్దున్నే తెరిచే టైముకి చేరాలి, పదకొండు దాటితే బస్సుల్లో జనం దిగుతారు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. కోఖెమ్ కోట పక్కనే, 1689లో పేల్చేస్తే 1868లో రావెనె అనే బెర్లిన్ వ్యాపారి కొని తిరిగి కట్టించాడు, బయట్నుంచే అందం. మోర్స్‌డోర్ఫ్ దగ్గర 360 మీటర్ల వేలాడే వంతెన, కింద లోయ 100 మీటర్లు, టికెట్ లేదు, చిన్నోడికి పండగ. ట్రియర్‌కి ఒక రోజు ఇద్దాం, రోమన్లు కట్టిన నల్లటి కోటగుమ్మం పోర్టా నీగ్రా, ఇంకా మ్యూజియంలో వైన్ పీపాలు మోస్తున్న రాతి ఓడ ఉంది, దాదాపు 1800 ఏళ్ళ కిందటిది. బాబాయ్ మనకి హిస్టరీ చెప్పేటప్పుడు రోమన్లంటే ఎంత ఇష్టంగా చెప్పేవారో నాకింకా గుర్తే, ఆ రాయి ముందు ఆయన్ని నిలబెట్టాలని నాకు మనసులో ఎప్పట్నుంచో ఉంది రా.

వెనక్కొచ్చే రోజు మరియా లాఖ్. 1093లో మొదలైన మఠం, ఆరు గోపురాలు, పక్కనే పెద్ద సరస్సు. ఆ సరస్సు దాదాపు 13,000 ఏళ్ళ కిందట పేలిన అగ్నిపర్వతం మిగిల్చిన గుంట, ఇప్పటికీ తూర్పు ఒడ్డున నీళ్ళలోంచి గ్యాస్ బుడగలు వస్తుంటాయి. చుట్టూ ఎనిమిది కిలోమీటర్ల చదునైన బాట, సగం నడిచి వెనక్కొచ్చినా చాలు. సన్యాసులు ఇక్కడ ఇంకా ఉన్నారు, సాయంత్రం ప్రార్థన పాటలు పాడతారు, ఎవరైనా కూర్చుని వినొచ్చు.

నీ పనులు ఇప్పుడు. వీసాకి ఆరు నెలల ముందు నుంచి అప్లై చెయ్యొచ్చు, స్లాట్లు దొరకవు కాబట్టి ఆలస్యం చెయ్యకు, ఇన్సూరెన్స్ 30,000 యూరోలకి తగ్గకూడదు. ఆర్టీఓ ఆఫీసులో ఐడీపీ, అదే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్, తీసుకో, నువ్వూ నడుపుతావు. ఊళ్ళలో బోర్డు లేని కూడళ్ళలో కుడి నుంచి వచ్చేవాడికే ముందు దారి, ఇది ఇప్పట్నుంచే బుర్రలో పెట్టుకో. చిన్నోడి ఎత్తు ఎంతో కొలిచి చెప్పు, పన్నెండేళ్ళలోపు 150 సెంటీమీటర్లు లేకపోతే కారులో పిల్లల సీటు కావాలి. అమ్మతో చెప్పు, ఆవకాయ, కందిపొడి పంపొచ్చు, నెయ్యీ పాలకోవా మాత్రం కుదరదు, పాల పదార్థాలు యూరప్‌లోకి తేనివ్వరు. ఆదివారం ఇక్కడ షాపులు మూసేస్తారు, కూరగాయలు శనివారమే కొంటాను.

తేదీలు ఈ ఆదివారం లోపు తేల్చి చెప్పరా, కోతల టైంలో బ్రెమ్‌లో ఇళ్ళు అయిపోతాయి, నేను చూసిన ఇంటికి కింద గదిలోనే పడక ఉంది, బాబాయ్‌కి మెట్లు ఎక్కే పని లేదు, అది పోగొట్టుకోవద్దు.

నీ,
రవి