ట్యూనిక్ ఎందుకు అమ్ముతున్నాం, ఎవరికి వద్దంటున్నాం

మా దగ్గర గేమ్‌లు కొనే అందరికీ నమస్కారం.

ఈసారి మేం ప్రత్యేకంగా ఎంచిన గేమ్ ట్యూనిక్. 2022 మార్చిలో వచ్చింది కాబట్టి కొత్తదేమీ కాదు. మాది చిన్న వ్యాపారం, ఏ గేమ్ అయినా చివరిదాకా ఆడి చూశాకే మీకు సూచిస్తాం. దీని విషయంలో ఆడటం అయిపోయాక కూడా చాలా ఆలోచించాల్సి వచ్చింది. మామూలు యాక్షన్ ఆర్‌పీజీ (పోరాడుతూ మన పాత్ర బలాన్ని పెంచుకుంటూ పోయే గేమ్) అని చెప్పి అమ్మితే కొన్నవాళ్లలో చాలామంది నిరాశపడతారు. ఇదేమిటో పూర్తిగా విప్పి చెబితే ఆడటంలో ఉన్న ఆనందమే పోతుంది. అందుకే కొనాలా వద్దా తేల్చుకోవడానికి కావాల్సినంత మాత్రం ఇక్కడ రాస్తున్నాను.

ఆండ్రూ షౌల్డిస్ అనే కెనడా డెవలపర్ 2015లో దాదాపు ఒంటరిగా దీన్ని మొదలుపెట్టారు. తర్వాత మరి కొద్దిమంది కలిశారు, ఫింజీ సంస్థ విడుదల చేసింది. ఒక చిన్న నక్క సముద్రపు ఒడ్డున కళ్లు తెరుస్తుంది. ఎక్కడికి వెళ్లాలో, ఏం చేయాలో ఎవరూ చెప్పరు. దారిలో ఒక కర్ర దొరుకుతుంది, తర్వాత కత్తి, డాలు. దారి చూపే బోర్డుల మీద రాత ఉంటుంది కానీ ఆ లిపి మనం ఎప్పుడూ చూసింది కాదు. నింటెండో వాళ్ల పాత జెల్డా సాహస గేమ్‌లు ఆడినవాళ్లకు ఇంతవరకు అలవాటైన దారే.

అసలు విశేషం మాన్యువల్. ఆ లోకంలో తిరుగుతుంటే అక్కడక్కడా కాగితాలు దొరుకుతాయి. ఒక్కో కాగితం ఈ గేమ్ మాన్యువల్‌లోనే ఒక పేజీ. ఒకప్పుడు గేమ్ డబ్బాలో కార్ట్రిడ్జ్‌తో పాటు ఒక చిన్న పుస్తకం వచ్చేది చూడండి, అచ్చం అలాగే తయారుచేశారు. రంగుల బొమ్మలు, మ్యాపులు, శత్రువుల వివరాలు, ఎవరో అంతకుముందు పెన్నుతో పెట్టుకున్న గుర్తులు కూడా ఉంటాయి. రాత మాత్రం ఎక్కువగా ఆ తెలియని లిపిలోనే. మధ్యలో ఒకటీ అరా ఇంగ్లిష్ మాట, ఒక బాణం, ఒక బటన్ బొమ్మ కనిపిస్తాయి. వాటిని పట్టుకుని మిగతాది మనమే ఊహించాలి.

ఒక్క ఉదాహరణ చెబుతాను. మొదటి నుంచీ కొన్ని వస్తువులు దొరుకుతుంటాయి, దేనికో తెలియక సంచిలో పెట్టుకుని తిరుగుతాం. కొంతసేపటికి ఒక పేజీ దొరుకుతుంది. విగ్రహం దగ్గర ఆ వస్తువుని కొంత డబ్బుతో కలిపి సమర్పిస్తే దాడి బలమో రక్షణో పెరుగుతుందని అప్పుడు అర్థమవుతుంది. ఆ పని అంతకుముందే చేసి ఉండొచ్చు. గేమ్ దానికి తాళం వేయలేదు, మనకు తెలియలేదంతే. మిగతా ఆర్‌పీజీల్లో పాత్ర లెవెల్ పెరిగేకొద్దీ కొత్త శక్తులు తెరుచుకుంటాయి. ఇక్కడ ఆడేవాళ్లకు తెలిసేకొద్దీ తెరుచుకుంటాయి. ఇంతకన్నా పెద్ద రహస్యాలు ఇంకా ఉన్నాయి, అవీ మొదటి నిమిషం నుంచే మన చేతిలో ఉన్నవే. అవేమిటో అడిగినా చెప్పను. ఇన్నేళ్లుగా గేమ్‌లు ఆడుతున్నాను, ఇంత ధైర్యంగా ఆడేవాళ్ల తెలివిని నమ్మిన గేమ్‌లు నాకు చాలా తక్కువ తగిలాయి.

కెమెరా పైనుంచి ఏటవాలుగా చూస్తుంది, మనం తిప్పలేం. దాన్ని వాడుకుని గోడల వెనక, చెట్ల వెనక ఎన్నో దారులు దాచారు. సంగీతం నెమ్మదిగా, హాయిగా ఉంటుంది.

ఆ లిపి గురించి కాస్త చెప్పాలని ఉంది. ఏమీ తెలియకుండా ఆడాలనుకునేవాళ్లు ఈ పేరా వదిలేయండి. అవి ఊరికే గీసిన గీతలు కావు, నిజంగానే చదవొచ్చు. ఒక్కో అక్షరంలో లోపలి గీతలు హల్లుని, చుట్టూ ఉన్న గీతలు అచ్చుని చెబుతాయి. మన గుణింతంలో హల్లుకి అచ్చు గుర్తు అతుక్కున్నట్టే. పలికేవి ఇంగ్లిష్ మాటలే. గేమ్ పూర్తిచేయడానికి ఇది నేర్చుకోవాల్సిన పని లేదు. అయినా కాగితం, పెన్సిల్ ముందేసుకుని కూర్చుంటే మాత్రం వదలబుద్ధి కాదు.

ఇక పోరాటం. నక్క ముద్దుగా ఉంది, చిన్నపిల్లలకు కొనొచ్చా అని కొందరు అడిగారు. పిల్లలు ఒంటరిగా ఆడేంత సులువు కాదు. దెబ్బ కాచుకోవాలన్నా దొర్లి తప్పించుకోవాలన్నా స్టామినా (నక్కకి మిగిలిన ఓపిక) చూసుకోవాలి. అది అయిపోయినప్పుడు తగిలే దెబ్బ ఇంకా గట్టిది. విగ్రహం దగ్గర విశ్రాంతి తీసుకుంటే చంపిన శత్రువులంతా మళ్లీ లేస్తారు. గార్డెన్ నైట్ అనే బాస్ (మామూలువాళ్లకన్నా బలమైన పెద్ద శత్రువు) మొదట్లోనే ఎదురై గట్టిగా పరీక్షిస్తాడు, ఆ తర్వాతవాళ్లు ఇంకా కష్టం. నా లెక్కలో ఈ గేమ్‌లో బలహీనమైన భాగం ఇదే. శత్రువులు గుంపుగా మీద పడితే లాక్-ఆన్ (ఒక శత్రువు మీదే గురి నిలిపే సదుపాయం) మనం అనుకున్నవాడి మీద నిలవదు. కత్తి దెబ్బల్లో వైవిధ్యం తక్కువ. రకరకాల బిల్డ్‌లు (పాత్రని మనకు నచ్చినట్టు మలచుకునే తీరులు), లూట్ (పోగేసుకునే ఆయుధాలు, సామాన్లు), పాత్రలతో సంభాషణల కోసం ఆర్‌పీజీలు ఆడేవాళ్లు దయచేసి దీన్ని కొనకండి. మీకు నచ్చేవి మా దగ్గర వేరే ఉన్నాయి, అవి చూపిస్తాం.

బాస్‌ల దగ్గర టెన్షన్ పడి వదిలేద్దామనుకుంటే, సెట్టింగ్స్‌లో నో ఫెయిల్ మోడ్ ఉంది. అది ఆన్ చేస్తే ఎన్ని దెబ్బలు తగిలినా చనిపోరు. స్టామినా తరగకుండా చేసే ఆప్షన్ కూడా ఉంది. తయారుచేసినవాళ్లే పెట్టినవి కాబట్టి మొహమాటపడకుండా వాడుకోండి. చివరి భాగం ఎక్కువగా పజిల్స్ మీదే నడుస్తుంది, ఈ గేమ్ గొప్పతనం అక్కడే తెలుస్తుంది. అక్కడిదాకా వెళ్లకుండా ఒక బాస్ దగ్గర ఆగిపోతే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

అమ్మకం గురించి కొన్ని నిర్ణయాలు తీసుకున్నాం. ఈ గేమ్‌తో వాక్‌త్రూ (ఎక్కడ ఏం చేయాలో అంతా చెప్పేసే గైడ్) ఇవ్వం. ఆ మాన్యువల్ పూర్తి పుస్తకంగా కూడా అచ్చయింది, చాలా అందంగా ఉంటుంది. రెండూ కలిపి ప్యాక్‌గా అమ్మితే మాకు లాభమే. కానీ పుస్తకం ముందే తిరగేస్తే గేమ్‌లో కనుక్కోవడానికి ఏమీ మిగలదు, అందుకని కలిపి అమ్మం. గేమ్ పూర్తయ్యాక అడగండి, అప్పుడు తెప్పిస్తాం. కొన్నాళ్లు ఆడి ఇది నాకు పడదు అనిపిస్తే డిస్క్ గానీ కార్డ్ గానీ వెనక్కి ఇచ్చి వేరే గేమ్ తీసుకోవచ్చు, కారణం అడగం.

ఎక్కడైనా చిక్కుకుపోతే మాకు మెసేజ్ పెట్టండి. మీకు ఇప్పటిదాకా దొరికిన పేజీల నంబర్లు రాయండి చాలు. వాటిలో ఏ పేజీ మళ్లీ చూడాలో చెబుతాం, జవాబు మాత్రం చెప్పం. ముందు పీసీ, మ్యాక్, ఎక్స్‌బాక్స్‌లకు వచ్చిన ఈ గేమ్ 2022 సెప్టెంబర్‌లో ప్లేస్టేషన్‌కీ స్విచ్‌కీ కూడా వచ్చింది. అందుకే ఆర్డర్ చేసేటప్పుడు మీది ఏ మెషీనో తప్పకుండా రాయండి.