మాత్ర టైము గురించి ఒక్క ఆర్డరు ఇవ్వండి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. కొత్త ఆసుపత్రి కట్టమనో, స్కానింగ్ మిషన్ కొనమనో అడగడానికి రాయడం లేదండి. దాదాపు ఖర్చే లేని ఒక ఆర్డరు కోసం రాస్తున్నాను. పార్కిన్సన్స్ ఉన్న మనిషి జ్వరమొచ్చి చేరినా, కాలు విరిగి చేరినా, ఇంట్లో ఏ టైముకి మాత్ర వేసుకుంటున్నాడో వార్డులోనూ అదే టైముకి పడేటట్టు చూడండి.

మా నాన్న గుంటూరు మిర్చి యార్డులో గుమస్తాగా చేసి రిటైరయ్యారు. జీవితమంతా లెక్కలు రాసిన చెయ్యి. ఇప్పుడు బ్యాంకులో సంతకం పెట్టమంటే మొదటి అక్షరం మామూలుగానే వస్తుంది, చివరికొచ్చేసరికి చీమలంత అయిపోతాయి. పార్కిన్సన్స్ అంటే వణుకుడు ఒక్కటే అనుకుంటారు జనం, కానీ చేతిరాత ఇలా కుంచించుకుపోవడం, మంచం మీద పక్కకి తిరగలేకపోవడం, గడప దగ్గర కాళ్లు అతుక్కుపోయినట్టు ఆగిపోవడం కూడా అదే జబ్బు. ఆయనకి లీవోడోపా, కార్బిడోపా కలిసిన మాత్ర రోజుకి నాలుగుసార్లు: పొద్దున ఏడు, పదకొండు, మూడు, రాత్రి ఏడు. మా ఇంట్లో ఇడ్లీ ఏడున్నర దాటాకే. పప్పు, గుడ్డు, పెరుగులాంటివి మాత్రతో పాటు పడితే మాంసకృత్తులు దానికి పోటీ వచ్చి మందు సరిగ్గా ఎక్కదు కాబట్టి, తిండికి అరగంట ముందు గానీ, తిన్నాక గంట ఆగి గానీ వేసుకోమన్నారు మా డాక్టర్. ఐరన్ మాత్ర కూడా పక్కపక్కన వేసుకోకూడదట.

టైముకి ఇంత పట్టుదల ఎందుకంటే, ఒంటి కదలికల్ని నడిపించే డోపమైన్ అనే రసాయనం ఈ జబ్బులో మెదడులో తగ్గిపోతుంది. దాన్ని లీవోడోపా భర్తీ చేస్తుంది, ఆ లీవోడోపా మెదడుకి చేరకముందే దారిలో ఖర్చయిపోకుండా కార్బిడోపా కాపాడుతుంది. అయినా గంటన్నర తిరిగేసరికి రక్తంలో లీవోడోపా సగానికి పడిపోతుంది. జబ్బు ముదిరినవాళ్లకి ఒక గంట ఆలస్యమైనా తేడా కళ్లముందే కనిపిస్తుంది. మందు పని తగ్గి ఒళ్లు బిగుసుకుపోయే ఈ స్థితిని పేషెంట్లు ‘ఆఫ్’ అంటారు. బీపీ మాత్ర గంట అటూ ఇటూ అయితే చాలామందికి పెద్ద తేడా తెలియదు కాబట్టి, వార్డులో అన్ని మందుల్నీ ఒకే గాటన కట్టేస్తారు. అసలు చిక్కు అక్కడే ఉంది.

పోయినేడాది వానాకాలంలో నాన్నకి డెంగీ వచ్చి ఇక్కడే ఒక ఆసుపత్రిలో చేర్చాం, పేరు రాయను. చేరగానే మా మందుల సంచి తీసి బీరువాలో పెట్టేశారు, “డాక్టర్ గారు రౌండ్స్‌కి వచ్చి కేస్ షీట్‌లో రాస్తేనే ఇవ్వాలమ్మా” అన్నారు సిస్టర్. ఆమె రూలు ఆమెది, తప్పు పట్టను. రౌండ్స్ తొమ్మిదిన్నరకన్నారు, అది కాస్తా పన్నెండయ్యింది. అప్పటికి ఏడు గంటల మాత్రా లేదు, పదకొండు గంటల మాత్రా లేదు. నాన్న మంచం మీద కట్టెలా బిగుసుకుపోయారు. గ్లాసు పెదాల దగ్గర పెడితే నీళ్లు మింగలేక గడ్డం మీంచి కారిపోతున్నాయి, మాట బయటికి రావడం లేదు. పక్క మంచం ఆవిడ ‘పెద్దాయన మొండికేశాడు’ అంది, స్టాఫ్‌లో ఒకరు ‘ప్లేట్‌లెట్లు తగ్గి అలా అయ్యుంటుంది’ అన్నారు. ఎవరికీ మాత్ర గుర్తు రాలేదు, నేను అరిచేదాకా.

మధ్యాహ్నం వాంతులు మొదలయ్యాయి, డెంగీలో మామూలే. మెటోక్లోప్రమైడ్ ఇంజెక్షన్ ఎక్కించబోతుంటే డ్యూటీలో ఉన్న ఒక పీజీ అమ్మాయి కేస్ షీట్ చూసి ఆపింది. ఆ మందు మెదడులో డోపమైన్ పనిని అడ్డుకుంటుంది, అంటే నాన్న మాత్ర చేసేదానికి సరిగ్గా ఎదురు. వాంతులకే ఇచ్చే ప్రోక్లోర్‌పెరజీన్‌తోనూ అదే ముప్పు, రాత్రిళ్లు కలవరిస్తున్నారని ఇచ్చే హలోపెరిడాల్‌తోనూ అదే. వేరే మందులున్నాయి, డాక్టర్లకి తెలుసు, కానీ హడావిడిలో గుర్తుండాలిగా. ఆ అమ్మాయి ఆ పూట డ్యూటీలో లేకపోతే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ టెన్షనే.

ఇంకొకటి, ఈ మాత్ర ఒక్కసారిగా ఆగిపోతే విపరీతమైన జ్వరం, ఒళ్లంతా బిగుసుకోవడం, స్పృహ తప్పడం దాకా వెళ్లి ప్రాణం మీదికి రావచ్చు. అది అరుదే, కానీ ఆపరేషన్ ముందు ‘నోట్లో ఏమీ వేయొద్దు’ అని చీటీ తగిలించినప్పుడు ఈ మాత్ర సంగతేంటని మత్తు డాక్టర్‌తో ముందే మాట్లాడేవాళ్లు ఎవరో ఒకరు ఉండాలి కదండీ.

ఇదేమీ నా సొంత తెలివి కాదు. బ్రిటన్‌లో పార్కిన్సన్స్ యూకే అనే సంస్థ 2006 నుంచి ఆసుపత్రుల్లో మందు టైముకి ఇవ్వాలని ప్రచారం చేస్తోంది. వార్డులో ఉన్నా చెప్పిన టైముకి అరగంట అటూ ఇటూ లోపలే లీవోడోపా పడాలని అక్కడి ప్రమాణాల్లో 2018లో రాసుకున్నారు. మన దగ్గర ఒక్కో సిస్టర్ ఎంతమంది పేషెంట్లని చూసుకుంటున్నారో మీకు నేను చెప్పాలా? అందుకే ఆవిడ నెత్తిన ఇంకో పని పెట్టమనడం లేదు. మా మాత్రలు మా దగ్గరే ఉంచండి, మేమే టైముకి వేస్తాం, వేశామని కేస్ షీట్‌లో సంతకం పెడతాం. మింగలేని స్థితిలో ఉంటే మాత్రం వెంటనే డాక్టర్‌ని పిలవాలి. చేర్చుకునేటప్పుడే టైములు రాసుకుని, ఇవ్వకూడని ఇంజెక్షన్ల పేర్లు షీటు పైన ఎర్ర ఇంకుతో వేస్తే ఆ పీజీ అమ్మాయి లేని పూట కూడా గండం గడుస్తుంది. ప్రైవేటు వాళ్లు మీ మాట వింటారో లేదో గానీ, ఎన్టీఆర్ వైద్య సేవ కింద కేసులు తీసుకునేవాళ్లకైతే షరతు పెట్టొచ్చు.

పనిలో పనిగా మెడికల్ షాపుల సంగతి. ఈ మాత్ర జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉంది, అయినా ఒక్కోసారి కావలసిన డోసు దొరకదు. 110 అంటే 100 లీవోడోపా, 10 కార్బిడోపా. 275 అంటే 250, 25. ఒకసారి కొత్తపేటలో ఒక షాపులో 110 లేదని 275 చేతిలో పెట్టి “అదే మందమ్మా, సగం విరిచి వెయ్యి” అన్నాడు కుర్రాడు, లెక్క చూస్తే సగం విరిచినా ఎక్కువే. నెమ్మదిగా కరిగే సీఆర్ రకమైతే నలపకూడదు, నమలకూడదు, ఆ ముక్క కూడా ఎవరూ చెప్పరు. స్ట్రిప్ మీద మందు పేరు పోయేటట్టు కత్తిరించి ఇచ్చేది వేరే. డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు వీటి మీద కూడా ఒక కన్నేస్తే బాగుంటుంది.

కవరు మీద తెలుగులో నాలుగు మాటలు రాసినా చాలు. లేచి నిలబడగానే బీపీ పడి తల తిరగొచ్చు, మెల్లగా లేవండి అని. ఇదే జబ్బుకి ఇచ్చే ప్రమిపెక్సోల్, రోపినిరోల్ మాత్రలు వాడేవాళ్లలో కొందరికి పేకాట మీదో, కొనుగోళ్ల మీదో ఉన్నట్టుండి అదుపు లేని యావ పుట్టొచ్చు, అది బుద్ధి వంకర కాదు, మందు వల్ల, డాక్టర్‌కి చెప్పండి అని. ఈ ఒక్క మాట తెలియక ఇళ్లల్లో ఎంత గొడవవుతుందో ఊహించుకోండి. దూలగొండి గింజల పొడి ‘ఆకు మందే కదా’ అని కలిపి వాడేవాళ్లూ ఉన్నారు, అందులో ఉండేదీ లీవోడోపానే, డోసు మీద డోసు పడుతుందని వాళ్లకి చెప్పేదెవరు?

రాష్ట్రమంతా ఒకేసారి కుదరదంటే ముందు గుంటూరు, విజయవాడ ప్రభుత్వ ఆసుపత్రుల్లో మొదలుపెట్టించండి. ఆర్డరు వచ్చిన రోజు దాని కాపీ ఒకటి ప్రింట్ తీసి నాన్న మందుల సంచిలో పెట్టుకుంటాను, ఈసారి బీరువాలో పెడతామన్నవాళ్లకి చూపించడానికి.

ఇట్లు,
ఒక పార్కిన్సన్స్ పేషెంట్ కూతురు,
బ్రాడీపేట, గుంటూరు