మూడో డికాక్షన్

చిరంజీవి పాపకు,

అనంతపురం నుంచి నాన్న ఆశీస్సులు. నువ్వు హెల్సింకి నుంచి పంపిన కాఫీపొడి అందింది. ఆ పొద్దే మన ఇత్తడి ఫిల్టర్లో డికాక్షన్ వేశాను. టీనీళ్ల మాదిరి దిగింది. పాలు పోస్తే కాఫీ వాసనే లేదు. పొడి పాడైందేమో అనుకున్నా. అరచేతిలో పోసుకుని చూస్తే తెలిసింది, వాళ్లు గింజను లేతగా వేయించి, రవ్వ మాదిరి పలుకుగా మరపడతారు. పాలకు చేసిన పొడి కాదది. మరుసటి రోజు గుడ్డలో వడగట్టి, చక్కెర లేకుండా తాగాను. కాస్త పులుపు తగిలింది. శానా బాగుంది. పాతూరు అంగడిలో 30 ఏళ్లుగా ప్లాంటేషన్-ఏ, పీబెర్రీ రకాల గింజలు కలిపి వందకు 20 పాళ్లు చికోరీ వేరు పొడి వేసి అమ్మే నాకు అది కొత్త రుచి.

మీ ఫిన్లాండులో తలకు ఏడాదికి సుమారు 12 కిలోల కాఫీ అవుతుంది. మన దేశంలో 100 గ్రాములు కూడా పడదు. చిక్కమగళూరు, కొడగు, అరకు పంటలో ఎక్కువ భాగం బయటి దేశాలకే పోతుంది. అయినా నువ్వు రోజుకు ఆరు కప్పులు తాగితే ఎట్లా తల్లీ? తాగిన ఐదు గంటలకు కూడా దాని సత్తువ సగం ఒంట్లోనే ఉంటుంది. మధ్యాహ్నం మూడు దాటినాక తాగొద్దు.

నీ పక్కింటి ఇథియోపియా ఆమె సంగతి మాత్రం మనసులోంచి పోవడం లేదు. పచ్చిగింజలు అందరి ముందరే వేయించి, ఆ పొగ వాసన చూపించి, దంచి, మట్టి కూజాలో కాచి మూడు దఫాలు పోస్తుందన్నావు. వాటి పేర్లు వరసగా అబోల్, తోనా, బరకా. అదే పొడిలో మళ్లీ మళ్లీ నీళ్లు పోస్తారు కాబట్టి మూడోది పల్చన. దానికేమో ఆశీర్వాదమని పేరు. అది తాగకుండా లేవకూడదట.

మీ జేజి గుర్తొచ్చింది పాపా. మన ఇంట్లో మొదటి డికాక్షన్ మా నాయనకు, వచ్చినవాళ్లకు. రెండోది పిల్లలకు. అందరూ తాగినాక ఆ పిప్పిలోనే మూడోసారి నీళ్లు పోసి, బెల్లం వేసుకుని, వంటింటి గడప దగ్గర కూర్చుని తాగేది. "నాకు ఇదే రుచి" అనేది. నేను అంగడి పెట్టినాక కూడా అట్లే తాగింది. కాఫీపొడి అమ్మే కొడుకునై ఉండి, ఒక్కనాడైనా ఆమెకు మొదటి డికాక్షన్ కలిపి ఇచ్చినట్టు గుర్తులేదు. ఈ బాధ నీకు కాక ఎవరికి చెప్పుకోను?

ఇప్పుడు పొద్దున్నే నేనే లేచి ఫిల్టర్ వేస్తున్నా. మొదటి లోటా మీ అమ్మకు. "ముందు నాకెందుకు?" అంటుంది, తాగుతుంది.

పక్కింటామె మళ్లీ పిలిస్తే పొద్దున పూట పో, మూడో కప్పు దాకా కూర్చో. గింజ చిటపటమనగానే దించుతుందా, నూనె తేలేదాకా ఉంచుతుందా, చూసి రాయి.

మీ నాన్న