ఫోటో లేని మూడు నెలలు

సామర్లకోట,
25 జనవరి 2026, ఆదివారం

చి. బుజ్జికి,

అమ్మ ఆశీస్సులు. ఉభయకుశలోపరి అని మొదలుపెడితే పడీపడీ నవ్వుతావని మానేశాను. ఇక్కడ అందరం బాగున్నాం. నాన్నమ్మకి మోకాళ్ల నొప్పులు మామూలే. మీ హాస్టల్లో ఫోన్లు ఉంచుకోనివ్వరు, ఆదివారం ఇచ్చే ఆ పది నిమిషాల్లో నీ వెనక ఇంకో ఇరవైమంది నిలబడి ఉంటారు. ఇది అలా నిలబడి వినే సంగతి కాదు. అందుకే కాగితం తీశాను.

కనుమ నాడు మధ్యాహ్నం బీరువా మీంచి ఆల్బమ్ దించి ఒక మాట అడిగావు. "తమ్ముడికి పురిటి మంచం మీద నుంచీ ఫోటోలున్నాయి, నాకు మూడో నెల దాటేదాకా ఒక్కటీ లేదేం?" అని. నేను గారెల పిండి వంక పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయాను. పిండి అప్పటికే అయిపోయింది. ఖాళీ గిన్నెనే రెండోసారి కడుగుతూ నిలబడ్డాను.

ఆ ఫోటోలు ఎక్కడా పోలేదమ్మా. మేమే తియ్యలేదు.

నీకు గ్రహణం మొర్రి ఉండేదని, ఆపరేషన్ చేయించామని నీకు తెలుసు. మేం నీకు చెప్పింది ఆ రెండు ముక్కలే. మిగతాది ఇప్పుడు రాస్తున్నాను.

2010 మే 24న పుట్టావు. పుట్టగానే గట్టిగా ఏడ్చావు, గదిలో ఇంకెవరూ నోరు మెదపలేదు. నర్సు నిన్ను ముక్కు దాకా గుడ్డ కప్పి తెచ్చి "ఆడపిల్ల" అంది. కళ్లు మాత్రం కనిపిస్తున్నాయి. నేనే వేలితో గుడ్డ కిందికి లాగాను. ఎడమ పక్క పై పెదవి ముక్కు రంధ్రం దాకా విడిపోయి ఉంది. ముక్కు ఆ పక్కకి అణిగిపోయి, చీలికలోంచి చిగురు కనిపిస్తోంది. పిల్లల డాక్టరు వచ్చి నీ నోట్లో వేలు పెట్టి తడిమి "అంగిలి బాగుంది, పెదవి ఒక్కటే" అన్నాడు. అది ఎంత మంచి కబురో నాకప్పుడు తెలీదు. అంగిలి కూడా చీలి ఉంటే దానికి మళ్లీ వేరే ఆపరేషన్, మాటలకి శిక్షణ, చెవులతో తంటా. వాటిలో ఏదీ మనకి రాలేదు.

ఇంటికి తెచ్చిన రోజే నాన్నమ్మ అనేసింది. "కనుమ నాడు గ్రహణం పూట కత్తిపీట ముందు కూర్చోవద్దంటే విన్నావా?" అని. 2010 జనవరి 15, కనుమ నాడే సూర్యగ్రహణం. ఈ వెయ్యేళ్లలో అంత సేపుండే కంకణ గ్రహణం ఇంకోటి రాదని టీవీలో తెగ చెప్పారు. మనకి ఇక్కడ పాక్షికంగానే కనిపించింది. నిజమే, నేను ఆ పూట ఉల్లిపాయలు తరిగాను. ఇంటినిండా చుట్టాలుంటే ఎవరు తరుగుతారు మరి? కానీ నాన్నమ్మ ఆ మాట అన్నాక చాలా నెలలు కత్తిపీట కనిపిస్తే నా చెయ్యి వణికేది.

ఆ వణుకు పోగొట్టింది విశాఖపట్నంలో నీకు ఆపరేషన్ చేసిన సర్జన్ గారు. కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. కడుపులో బిడ్డ మొహం రెండు పక్కల నుంచీ, మధ్య నుంచీ పెరుగుతూ వచ్చి ఒకచోట అతుక్కుంటుందట. నాలుగో వారం నుంచి ఏడో వారం లోపల పై పెదవి పని అయిపోతుంది. ఆ అతుకు ఒక పక్క పడకపోతే మొర్రి. నేను అక్కడే వేళ్లు మడిచి లెక్క వేశాను. నీ విషయంలో ఆ వారాలు 2009 దసరాకీ దీపావళికీ మధ్య వచ్చాయి. కనుమ నాటికి నాకు అయిదో నెల దాటింది. గ్రహణం పట్టేసరికే నీ పెదవి సంగతి తేలిపోయి మూడు నెలలు. పండక్కి వారం ముందు చేయించిన స్కానింగులో తెలియాల్సింది కూడా. నువ్వు మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుని కదల్లేదు, "మొహం సరిగ్గా పడలేదండీ" అని రాసిచ్చారు. ఆ చెయ్యి తీసి ఉంటే గ్రహణానికి ముందే అందరికీ తెలిసేది, నాకు ఒక నింద తప్పేది.

సర్జన్ గారు అడిగిన ఇంకో ప్రశ్న "మేనరికమా?" అని. నాన్న నేల చూశారు, నేను గోడ చూశాను. దగ్గర సంబంధాల్లో కాస్త ఎక్కువగా కనిపిస్తుందంటారు గానీ, మీ పాపకి ఇదే కారణమని వేలెత్తి చెప్పలేం, ఎవరి తప్పూ కాదు అన్నారాయన. ఆ రోజు నుంచీ నాన్నమ్మ నోట గ్రహణం మాట ఆగిపోయింది. తన కొడుక్కే నన్ను చేసుకుంటానని పట్టుబట్టి ఈ సంబంధం కుదిర్చింది ఆవిడే కదా.

అయినా ఆవిడ గురించి ఒకటి చెప్పాలి. నీకు పాలు పట్టడం నేర్పింది ఆవిడే. నువ్వు చప్పరిస్తే చీలిక దగ్గర గాలి పోయి పట్టు దొరికేది కాదు. నేను బొటనవేలు ఆ సందుకి అడ్డం పెట్టి పాలిచ్చేదాన్ని. పదిసార్లు గుటక వేసేసరికి అలిసిపోయి నిద్రపోయేదానివి. అప్పుడు నాన్నమ్మ అటక మీంచి తన పుట్టింటి ఉగ్గుగిన్నె దింపింది. పిండిన పాలు అందులో పోసి, నిన్ను నిలువుగా ఒళ్లో పెట్టుకుని, గిన్నె ముక్కు నీ బుగ్గ వైపు కొద్దికొద్దిగా వంచుతూ రాత్రి రెండింటికీ, తెల్లారి నాలుగింటికీ తనే లేచి పట్టింది. చీలికలోంచి కారితే కొంగుతో తుడిచేది. నోటితో తిట్టింది, చేత్తో పెంచింది. ఆవిడ అంతే.

ఎందుకంత పట్టుదలంటే, సర్జన్ గారు ఒక లెక్క చెప్పారు: 10 వారాలు నిండాలి, 10 పౌన్ల బరువు రావాలి, రక్తంలో హిమోగ్లోబిన్ 10 ఉండాలి. పది పౌన్లంటే మన లెక్కలో నాలుగున్నర కిలోలు. నువ్వు పుట్టింది 2 కిలోల 600. ప్రతి సోమవారం కొట్టు తెరవగానే నాన్న కాటా మీద తువ్వాలు పరిచి, పప్పు తూచినట్టు నిన్ను తూచేవారు. అప్పుల పుస్తకం చివరి పేజీలో రాసేవారు. మొదటి వారం తగ్గావు, తర్వాత పెరిగావు. పది వారాలకి నాలుగు కిలోలు కూడా లేవు. బరువు వచ్చేసరికి జలుబు చేసింది, జలుబుంటే మత్తు ఇవ్వరు, మళ్లీ వాయిదా. ఆ పేజీ ఇప్పటికీ ఉంది. పైన ఎవరో కందిపప్పు బాకీ, కింద నీ బరువులు.

ఇప్పుడు నాకు రాయడం కష్టమైన సంగతి. నీకు 21వ రోజున బారసాల చెయ్యలేదు. "ఆపరేషన్ అయ్యాక ఘనంగా చేద్దాం" అన్నాం. ఎవరైనా చూడ్డానికొస్తే "ఇప్పుడే నిద్రపోయింది" అని తలుపు జారేసేదాన్ని. స్టూడియో అబ్బాయి మన కొట్టుకి రోజూ టీకి వచ్చేవాడు, ఒక్కసారి పిలిస్తే చాలు. పిలవలేదు. నేను అప్పుడు దాన్ని జాగ్రత్త అనుకున్నాను. సిగ్గు అని ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

మరి రెండో నెలలో నువ్వు నవ్వడం మొదలుపెట్టావు. బుజ్జీ, ఆ నవ్వు ఎలా చెప్పను? అందరి పిల్లలకీ నోరు నవ్వుతుంది. నీకు ముక్కు దాకా నవ్వొచ్చేది. చీలిక విప్పారి, చిగురు బయటపడి, సగం మొహం నవ్వయిపోయేది. నాన్న కొట్లోంచి మాటిమాటికీ లోపలికి వచ్చి "ఏదీ, ఇంకోసారి" అనేవారు.

వినాయక చవితికి నాలుగు రోజుల ముందు ఆపరేషన్. రత్నాచల్ రైల్లో వెళ్లాం. అన్నవరం రాగానే నాన్నమ్మ నిన్ను కిటికీ దగ్గర ఎత్తి కొండకి దణ్ణం పెట్టించి వ్రతం మొక్కింది. స్మైల్ ట్రైన్ అనే సంస్థ ఖర్చు భరించే ఆస్పత్రి అది. 1999లో మొదలైన ఆ సంస్థ ఇలాంటి ఆపరేషన్లకి, ఎక్కడికక్కడి డాక్టర్లే చేసేలా, డబ్బు సాయం చేస్తోంది. మనకి ఖర్చయింది రైలు టికెట్లూ లాడ్జీ అద్దే.

ముందు రోజు సాయంత్రం సర్జన్ గారు నీ పెదవి పక్కన చిన్న స్కేలు పెట్టి చూస్తూ అన్నారు: "ఏదీ తక్కువ పుట్టలేదమ్మా. అన్నీ ఉన్నాయి, పక్కకి జరిగాయంతే. వాటి చోటికి తిప్పి కుడతాం." ఎరుపూ చర్మమూ కలిసే గీత ఒక్క మిల్లీమీటరు ఎగుడుదిగుడైనా ఎదురుగా మాట్లాడేవాళ్లకి కనిపిస్తుందని, అందుకే కొయ్యడం కంటే ముందు చుక్కలు పెట్టుకోవడానికే ఎక్కువ ఆలోచిస్తామని చెప్పారు.

తల్లిపాలు నాలుగు గంటల ముందు ఆపాలన్నారు. తెల్లవారుజామున మూడున్నరకి ఆఖరిసారి ఇచ్చాను. ఆరు నుంచి నువ్వు నా జాకెట్ వాసన పట్టి ఏడుపు. చివరికి నాన్నమ్మ నిన్ను లాక్కుని వరండాలోకి తీసుకుపోయింది. నాన్న సంతకం పెట్టే కాగితంలో మత్తు గురించిన పేరా మాత్రం చదవకుండా అరచెయ్యి అడ్డం పెట్టుకోవడం నేను చూశాను.

గంటన్నర తర్వాత తెచ్చి నా ఒళ్లో పెట్టారు. నేను నిన్ను గుర్తుపట్టలేదు. నిజంగానే పట్టలేదు. వాచిన చిన్న నోరు, నీలం దారం కుట్లు, రెండు పక్కలా ఒకేలా ఉన్న ముక్కు. ఎంత అందంగా ఉన్నావో! ఎవరి పిల్లనో ఇచ్చినట్టుంది. వెక్కివెక్కి ఏడ్చాను. అందరూ ఆనందం అనుకున్నారు. పెద్ద నర్సమ్మ ఒక్కావిడే దగ్గరికి వచ్చి "పాత నవ్వు కోసమా? చాలామంది అమ్మలు ఇలాగే వెతుక్కుంటారు" అంది.

చవితి నాడు లాడ్జీ గదిలోనే స్టూలు మీద మట్టి వినాయకుణ్ణి పెట్టి నాన్నమ్మ కథ చదివింది. కొడుకుకి ఏనుగు తల అతికించాక పార్వతి సంతోషించిందని ఒక్క ముక్కలో తేల్చేస్తారు చూడు, అక్కడ నాకు నోరాగలేదు. "ఆవిడకి పాత మొహం గుర్తు రాలేదా అత్తయ్యా?" అన్నాను. నాన్నమ్మ పుస్తకం మూసి కాసేపు అక్షింతలు చేతిలోనే నలిపింది. "నాకూ ఆ నవ్వే బావుండేదే" అంది.

(మారిపోయిందనుకోకు. మొన్న సెప్టెంబరు 7 చంద్రగ్రహణం రాత్రి పక్కింటి కడుపుతో ఉన్న అమ్మాయిని మంచం దిగనివ్వలేదు. నేను దసరా దీపావళి లెక్క మొదలుపెడితే "నీకు తెలీదు ఊరుకో" అంది.)

నోట్లో వేళ్లు పెట్టుకోకుండా నీ మోచేతులకి రెండు వారాలు కట్లు కట్టారు. రెక్కలు కట్టిన కోడిపిల్లలా రెండు చేతులూ బార్లా చాపి పడుకునేదానివి. వారానికి కుట్లు తీశారు. రెండో నెలకి మచ్చ ఎర్రబడి గట్టిపడితే చెడిపోయిందని భయపడి మళ్లీ రైలెక్కాం. అలాగే అవుతుంది, రోజూ వేలితో మర్దనా చెయ్యండి, నెలలు గడిస్తే మెత్తబడుతుందన్నారు. అలాగే మెత్తబడింది.

ఇక ఇప్పటి సంగతి. పోయిన వేసవిలో డాక్టరు గారు నీ ముక్కు చూసి, ఎదుగుదల ఆగాక, పదహారు దాటాక, ఆ ఎడమ రంధ్రం కాస్త ఎత్తి సరిచెయ్యొచ్చు, కావాలంటేనే అన్నారు. నాన్న చీటీ పాడి డబ్బు పక్కన పెట్టేశారు. నన్నడిగితే, నాకు నీ ముక్కులో సరిచెయ్యాల్సింది ఏమీ కనపడదు, కానీ పదిహేనేళ్లుగా చూస్తున్న కళ్లు కదా, వాటిని నమ్మకు. మొదటిసారి నిన్ను అడిగే వీలు లేదు, సంతకం పెట్టేశాం. అది తప్పనుకోను. పాలు తాగడానికి, మాటలకి, బళ్లో పిల్లల నోళ్లకి భయపడి చేశాం, మళ్లీ అయితే మళ్లీ చేయిస్తాం. ఈసారి కాగితం మీద సంతకం ఇంకా నాన్నదే, నీకు పద్దెనిమిది రాలేదు గనక. నువ్వు ఊ అంటేనే ఆయన పెన్ను తీస్తారు. పరీక్షల ముందు ఆలోచించకు, తొందరేం లేదు.

హాస్టల్లో ఎవరో అడిగితే సైకిల్ మీంచి పడ్డానని చెప్పావట. నేను ఏమీ అనలేను. ఎల్‌కేజీలో నిన్ను చేర్పించిన రోజు మీ టీచరు అడిగితే "మెట్ల మీద పడిందండీ" అన్నది నేనే. నువ్వు నా చెయ్యి పట్టుకుని పక్కనే నిలబడి విన్నావు.

కవరులో ఒక ఫోటో పెట్టాను. ఆస్పత్రి వాళ్లు ఆపరేషన్‌కి ముందు ఒకటీ తర్వాత ఒకటీ తీసి, ఒకే అట్ట మీద పక్కపక్కన వేసి ఇచ్చారు. ఇంటికి రాగానే నేను దాన్ని కత్తెరతో రెండు చేశాను. ఆల్బమ్‌లో నీ మొదటి ఫోటో ఉంది చూడు, దాని ఎడమ అంచు వంకరగా ఉంటుంది, అది నా కత్తెర పనే. రెండో ముక్క ఇన్నాళ్లూ ఎల్ఐసీ బాండు కవర్లో ఉంది. నవ్వుతున్నావు అందులో.

రెండో ఆదివారం నాన్న వస్తారు, సున్నుండలు పంపుతున్నాను, పై డబ్బాలోవి మీ రూమువాళ్లకి, కింద డబ్బా నీకు. చలిగా ఉందని స్నానం మానకు.

ఆల్బమ్‌లో ఫోటో పక్కన దీన్ని పెట్టి చూశాను. అంచులు సరిగ్గా కలిశాయి.

అమ్మ