అది ఉషోదయం కాదు, ఆ మంచు మంచూ కాదు

సంపాదకుల వారికి,

నమస్కారం. పోయిన ఆదివారం మీ జిల్లా పేజీలో అచ్చయిన తుంగభద్ర ఫోటో నేను తీసిందే. పేరు సరిగ్గానే వేశారు, ఇంటిపేరులో ఒక్క అక్షరం కూడా తప్పు పోలేదు. సంతోషం. కానీ దాని కింద ‘ఉషోదయ వేళ మంచు దుప్పటి కప్పుకున్న తుంగభద్ర’ అని రాశారు. అందులో నది పేరు ఒక్కటే నిజం.

ముందు ఉషోదయం సంగతి. ఆ ఫోటోలో కుడివైపు చివర నల్లగా సన్నటి గీతలా కనిపించేది అవతలి ఒడ్డు, అంటే తెలంగాణ. కర్నూలు ఒడ్డున నిలబడిన మనిషికి తెలంగాణ కుడిచేతి వైపు ఉందంటే ఆ మనిషి పడమర ముఖంగా ఉన్నట్టు. ఆకాశంలో ఎరుపు ఉన్నదీ అటే. పడమర పొద్దు పొడవడం మన ఊళ్లో ఇంకా మొదలు కాలేదు. డిసెంబర్ మొదటి వారంలో కర్నూలులో పొద్దు గుంకేది సుమారు 5.45కి. నేను బటన్ నొక్కింది 6.08కి. టైమ్ కెమెరాలోనే పడుతుంది, కావాలంటే అసలు ఫైలు పంపిస్తాను. ఇలాంటి పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. అదొక్కటే అయితే ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు.

రాయాల్సి వచ్చింది రెండో మాట వల్ల. మీరు మంచు అన్నది మురుగునీటి నురగ.

హంద్రీ వచ్చి తుంగభద్రలో కలిసే చోటికి కాస్త దిగువన, ఒడ్డు మీద బండలున్నాయి. ఫోటో తీసింది అక్కడి నుంచి. హంద్రీ పేరుకు నది. వానలు వెనక్కి తగ్గాక మన ఊరి మధ్యలో దాంట్లో పారేది చాలావరకు మన ఇళ్లలో నుంచి వచ్చిన నీళ్లే. బట్టలు ఉతికినవి, అంట్లు తోమినవి, ఇంకా పేపర్లో రాయలేనివి. ఆ నీళ్లు రాళ్ల మీద నుంచి దూకేటప్పుడు సబ్బు నురగ లేస్తుంది. బెత్తెడు మందాన, ముద్దలు ముద్దలుగా తేలుతూ పెద్ద నదిలోకి వెళ్తుంది. పగలు చూస్తే కడుపులో తిప్పుతుంది. దాన్నే నేను కెమెరా స్టాండు మీద పెట్టి, ఐఎస్‌వో 100, ఎఫ్ 16, 20 సెకన్ల మీద తీశాను.

ఫోటోలు తీసేవాళ్లకు ఈపాటికే అర్థమై ఉంటుంది. మిగతావాళ్ల కోసం చెబుతాను. కెమెరా కన్ను అంతసేపు తెరిచి ఉంచితే కదలని వస్తువు ఉన్నది ఉన్నట్టు పడుతుంది, కదిలేది అలుక్కుపోతుంది. అలలు నున్నబడి అద్దంలా అవుతాయి. మెల్లగా తేలే నురగ ముద్దలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి పల్చటి పొగలా పరుచుకుంటాయి. దానికి తోడు, పొద్దు గుంకిన ఇరవై నిమిషాలకు ఆకాశం నుంచి ఒక నీలిరంగు దిగుతుంది. అది ఉండేది కొద్ది నిమిషాలే. ఆ నీలంలో తెల్లటిది ఏది పడినా మంచులాగే ఉంటుంది. కాబట్టి మీ డెస్కులో ఆ వాక్యం రాసినవారిని ఏమీ అనకండి. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని ఫోటో తీసిన నేనే ఇంటికొచ్చి కంప్యూటర్లో చూసి ఒక నిమిషం మోసపోయాను.

ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. మీకు పంపింది మొత్తం ఫోటో కాదు. ఎడమవైపు కింద ఒక సిమెంటు తూము ఉంది, దాని మూతి దగ్గర చిక్కుకున్న ప్లాస్టిక్ కవర్లు ఉన్నాయి, ఎవరో తెచ్చి పారేసిన పరుపు ఉంది. అవన్నీ కత్తిరించి పంపాను. సుమారు నాలుగో వంతు పోయింది. ఎందుకు కత్తిరించానంటే, బాగుంటుందని. పెద్ద ఆలోచనేమీ లేదు.

నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసి 2020 జనవరిలో వీఆర్ఎస్ తీసుకున్నాను. వచ్చిన డబ్బులో అబ్బాయి చదువు అప్పు తీరగా మిగిలిన దాంట్లోంచి 24 వేలు పెట్టి సెకండ్‌హ్యాండ్ కెమెరా కొన్నాను. మా ఆయన నేను కుట్టుమిషన్ కొంటాననుకున్నారు. ఫోటోల మీద ఈ ఆశ ఎక్కడిదంటే, 2009 అక్టోబర్ మొదట్లో నది పాతబస్తీలోకి వచ్చినప్పుడు మా కింది వాటా మునిగింది. నీళ్లు తీశాక వెళ్తే తలుపు తెరుచుకోలేదు, వెనక అంత బురద. పెళ్లి ఆల్బమ్ ఇటుకలా గట్టిపడింది. పేజీలు విప్పబోతే మొహాలు లేచి ఎదుటి పేజీకి అంటుకున్నాయి. మా మామగారి ఫోటో ఇంట్లో ఒక్కటి కూడా మిగల్లేదు. ‘ఫోటోలన్నీ మింగిన నదికే మళ్లీ ఫోటోలు తీస్తున్నావు’ అని మా ఆయన ఇప్పటికీ ఎగతాళి చేస్తారు.

ఈ కొన్నేళ్లలో నదిని చాలా రకాలుగా చూశాను. ఎగువన సుంకేసుల బ్యారేజీలో గేట్లు దించేస్తే ఊరి దగ్గర రాళ్లూ మడుగులే మిగులుతాయి. 2024 ఆగస్టులో పైన తుంగభద్ర డ్యామ్ 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు నిండుగా, ఎర్రగా పారింది. 2020 నవంబర్ పుష్కరాలకు కరోనా వల్ల నదిలో మునకలు వద్దన్నారు. నది పక్కన నిలబడి నెత్తిన నాలుగు చుక్కలు చల్లుకుని వెళ్లిన ముసలమ్మ ఫోటో నా దగ్గర ఉంది. అది నాకు చాలా ఇష్టం.

పొద్దు సంగతి కూడా నేర్చుకున్నాను. జూన్‌లో సూర్యుడు వాయవ్యానికి జరిగి, 6.50 ప్రాంతంలో నీళ్ల మీదుగా అవతలి ఒడ్డున గుంకుతాడు. అప్పుడు ఫోన్‌తో తీసినా బాగానే వస్తుంది, మబ్బు అడ్డం రాకపోతే. డిసెంబర్‌లో నైరుతికి జరిగి మన ఊరి మేడల వెనక దిగిపోతాడు. చలికాలం మన ఒడ్డు నుంచి సూర్యుడు దొరకడు, ఎరుపు మాత్రమే దొరుకుతుంది. ఆకాశంలో ఎరుపు ఒక్కటే ఉంటే ఫోటో నిలబడదు, ముందర ఏదో ఒకటి ఉండాలి. ఆ రోజు నా ముందర ఉన్నది నురగ. అదీ జరిగింది.

ఆ సాయంత్రం అక్కడ ఒక పెద్దాయన పుట్టిని బోర్లించి, పక్కన కూర్చుని వల చిక్కు తీసుకుంటున్నాడు. ‘ఏమ్మా, దినామూ ఈ గబ్బుకాడికే వస్తావే’ అన్నాడు. వెనక తెర మీద ఫోటో చూపించాను. చేతులు లుంగీకి తుడుచుకుని మరీ కెమెరా పట్టుకుని చాలాసేపు చూశాడు. ‘బాగుండాది. వాసన పడలేదు గదా, అందుకే బాగుండాది’ అన్నాడు. ఇక్కడ చేపలు పడతాయా అని అడిగితే, ‘ఈ కలిసేకాడ యాడ పడతాయి తల్లీ, పైకి పోవాల’ అన్నాడు. నేను నవ్వి స్టాండు మడుచుకుని వచ్చేశాను. ఆయన మాట అప్పుడు తగల్లేదు, మీ పేపర్ వచ్చాక తగిలింది.

పేపర్ వచ్చిన రోజు ఆరు కాపీలు కొన్నాను. దాచడం ఎందుకు. మా సందు చివర టీ కొట్టతను ఫోటో కత్తిరించి గోడకు అంటించాడు. బెంగళూరులో అబ్బాయి స్టేటస్ పెట్టాడు. అనంతపురం నుంచి మా ఆడబిడ్డ ఫోన్ చేసి, ‘వదినా, ఆ మంచు చూస్తుంటే ప్రాణం లేచొచ్చింది’ అంది. నాకు నిజం చెప్పడానికి నోరు రాలేదు. ఎందుకంటే ఆ నురగ నీళ్లు అక్కడితో ఆగవు. ఆలంపురం దాటి, కృష్ణలో కలిసి, శ్రీశైలం వెనక జలాల్లోకి చేరతాయి. ఆ వెనక జలాల నుంచే మాల్యాల దగ్గర ఎత్తిపోసి వాళ్ల జిల్లాకు పంపుతున్నారు. ఆ పథకం పేరు హంద్రీ-నీవా. పేరులో కూడా హంద్రీ ఉంది, మా ఆడబిడ్డ అది గమనించిందో లేదో.

అయినా ఊరుకునేదాన్నేమో. మా ఎదురింట్లో డిగ్రీ చదివే అమ్మాయి మీరు రాసింది చదివి, మంగళవారం తెల్లవారుజామున ఇద్దరు స్నేహితురాళ్లను స్కూటీ ఎక్కించుకుని అక్కడికి వెళ్లింది. ఏడు గంటలకు తిరిగొచ్చి మా గేటు దగ్గరే నిలబడి, ‘ఆంటీ, మంచు ఎక్కడా లేదు, మూతికి చున్నీ కట్టుకున్నా నిలబడలేకపోయాం, మీరు ఎక్కడ తీశారసలు?’ అని అడిగింది. సరిగ్గా అక్కడే అని చెప్పాను. ఆ పిల్ల నా వైపు చూసిన చూపు ఎలా ఉందో రాయలేను.

మీ పత్రిక గురించి కూడా ఒక మాట. కోపం తెచ్చుకోరనే అనుకుంటున్నాను. మన ఊళ్లో కె.సి. కాలువ, అంటే కర్నూలు-కడప కాలువ, హంద్రీని దాటే చోటు మీకు తెలిసే ఉంటుంది. 1860లలో ఒక ఇంగ్లీషు కంపెనీ సాగుకీ పడవలకీ కలిపి తవ్వించిన కాలువ అది. వంతెన మీద కాలువ నీళ్లు, వంతెన కింద మురుగు. ఆ రెండూ ఒకే ఫ్రేములో వచ్చేలా తీసి మీకు రెండుసార్లు పంపాను. రాలేదు. చూడ్డానికి బాగా లేదనుకుని ఉంటారు, నిజంగానే బాగా లేదు. అందంగా ఉన్నది పంపితే నాలుగు రోజుల్లో వచ్చింది. నాకు కత్తెర పట్టుకోవడం అలా అలవాటైంది. తప్పు నాదే, కాకపోతే అంతా నాది కాదు.

ఇప్పుడు సాయంత్రాలు చాలామంది పిల్లలు ఫోన్లతో ఒడ్డుకు వస్తున్నారు. ఫోన్లలో నైట్ మోడ్ అని ఉంటుంది. అదీ కొన్ని సెకన్ల పాటు వెలుగును పోగుచేసి నీళ్లను నున్నగా చేసి చూపిస్తుంది. అందరి ఫోన్లలోనూ మన తుంగభద్ర కాశ్మీరులా ఉంది. అధికారులు అవి చూసి మురిసిపోయి, ఒడ్డున ఇంకో నాలుగు రంగు లైట్లు, ఇంకో నాలుగు బెంచీలు వేద్దామంటారని నా భయం. లైట్లు వద్దని అనను. లైట్లు పెరిగితే మాకు 20 సెకన్ల బదులు 5 సెకన్లు చాలు. కానీ ముందు ఆ తూముల నీళ్లు శుద్ధి చేసి వదిలే ఏర్పాటు చూడండి. హంద్రీలో కలిసే ప్రతి కాలువకూ అది కావాలి. బెంచీ మీద కూర్చునేవాళ్లకు ముక్కు కూడా ఉంటుంది కదా.

ఈ ఉత్తరంతో ఇంకో ఫోటో పంపుతున్నాను. అదే బండ, అదే స్టాండు, అదే లెన్సు. సాయంత్రం 4.40కి, సెకనులో 250వ వంతులో తీసింది. నురగ ముద్దలు ముద్దలుగా నురగలాగే ఉంది. తూము ఉంది. పరుపు కూడా ఇంకా అక్కడే ఉంది, కాస్త తిరగబడింది. ఏమీ కత్తిరించలేదు, రంగులు ముట్టుకోలేదు. సవరణ అని లోపలి పేజీలో తపాలా బిళ్లంత వేస్తే ఎవరూ చూడరు. మొదటి ఫోటో వేసిన చోటే, అంత సైజులోనే దీన్ని వెయ్యమని కోరుతున్నాను. కింద ఏం రాస్తారో మీ ఇష్టం. టైమ్ మాత్రం నేను చెప్పిందే వెయ్యండి. నా పేరు మొన్నటి ఫోటో కింద ఎలాగూ పడింది, అందుకే ఈ ఉత్తరం కింద రాయలేదు.

వేస్తే ఈసారి ఆరు కాపీలు కొనను. రెండు చాలు. ఒకటి ఎదురింటి అమ్మాయికి. ఇంకోటి టీ కొట్టు గోడ మీద పాతదాని పక్కన అంటించాలి, అతన్ని అడిగి ఉంచాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
పాతబస్తీ, కర్నూలు