మన హ్యామ్ రేడియో సంఘం వార్షిక నివేదిక, నల్గొండ (2024 ఏప్రిల్ – 2025 మార్చి)

సభ్యులందరికీ నమస్కారం.

లైసెన్స్ తీసుకుని, సరదా కోసం రేడియో సెట్లలో మాట్లాడుకునే హ్యామ్‌లం మనం. పోయినేడు సర్వసభ్య సమావేశంలో మనం ఒకే ఒక్క తీర్మానం చేసుకున్నాం. కొన్న సెట్టుతో కాదు, మన చేత్తో చేసిన సెట్టుతో ఈ ఏడాది నల్గొండ నుంచి మాట్లాడాలని. ఆ మాట నిలబెట్టుకున్నాం. జనవరిలో ఒక ఆదివారం పొద్దున, మన బెంచీ మీద పుట్టిన సెట్టు గొంతు బెంగళూరులో వినబడింది. అందుకే ఈ నివేదికలో ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాను.

సెట్టు పని

చేతిలో పట్టుకునే రెడీమేడ్ సెట్లు ఇప్పుడు చౌకగా దొరుకుతున్నాయి. లైసెన్స్ రాగానే అందరూ మొదట కొనేది అదే. అందులో తప్పేమీ లేదు. కానీ అది పాడైన రోజు పక్కన పెట్టేయడం తప్ప మనకు మరో దారి ఉండదు. లోపల ఏ భాగం ఏం చేస్తుందో తెలిసిన మనిషి జిల్లాలో నలుగురైనా ఉండాలన్నది మన ఉద్దేశం.

హైదరాబాద్‌కు చెందిన అష్హర్ ఫర్హాన్ గారు (కాల్‌సైన్, అంటే రేడియోలో ఆయన గుర్తింపు, వీయూ2ఈఎస్ఈ) రూపొందించిన బిట్‌ఎక్స్ డిజైన్‌ను ఎంచుకున్నాం. మామూలు షాపుల్లో దొరికే ట్రాన్సిస్టర్లతోనే మాట్లాడే సెట్టు చేసుకోవచ్చని ప్రపంచంలో ఎంతోమంది హ్యామ్‌లకు ఆ డిజైన్ నేర్పింది. కాయిల్ చుట్టడానికి ఖరీదైన కోర్ దొరకకపోతే నల్లా వాషర్ మీద చుట్టుకోవచ్చని ఆయన చూపించారు. మనవాళ్లు మొదట నమ్మలేదు. హార్డ్‌వేర్ షాపు నుంచి వాషర్లు తెచ్చి చుట్టి, రిసీవర్‌లో గొంతులు విన్నాకే నమ్మారు. ఎనామెల్ తీగ కోసం హైదరాబాద్ పోవాల్సిన పని కూడా పడలేదు. ఫ్యాన్లు, మోటార్లు వైండింగ్ చేసే షాపాయన అడిగిన గేజ్‌లో తూకం వేసి ఇచ్చాడు. డబ్బులు తీసుకోనంటే బలవంతంగా ఇచ్చాం. మన ఎండలకు, కాలిపోయే బోరు మోటార్లకు నల్గొండలో వైండింగ్ తెలిసిన చేతులకు కొదవ లేదు. ఆ చేతులు రేడియోకు ఇంత దగ్గరని మనకు ఇన్నాళ్లూ తట్టలేదు.

ట్రాన్సిస్టర్లు, క్రిస్టల్స్ కోఠిలోని గుజరాతీ గల్లీ నుంచి వచ్చాయి. 40 మీటర్ల బ్యాండ్‌కు (తరంగం పొడవు దాదాపు అంత ఉండే షార్ట్‌వేవ్ పట్టీకి) చేస్తున్నాం కాబట్టి 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్స్ తీసుకున్నాం. ఒక్కొక్కటి కొలిచి, దగ్గరదగ్గరగా ఉన్నవాటిని ఏరి ఫిల్టర్ కట్టడానికి రెండు ఆదివారాలు పట్టింది. విసుగు పుట్టించే పనే కానీ పక్క స్టేషన్ గొంతు మన చెవిలో పడకుండా ఆపేది ఆ ఫిల్టరే.

ఏప్రిల్, మే నెలల్లో రేకుల గదిలో పని. ఫ్రీక్వెన్సీని పుట్టించే ఆసిలేటర్ ఆ వేడికి నిలకడగా ఉండేది కాదు. ట్యూన్ చేసిన ఐదు నిమిషాలకు అవతలి మనిషి గొంతు బాతు అరుపులా మారిపోయేది. వేడికి విలువ మారని రకం కెపాసిటర్లు వేశాం. ఆసిలేటర్‌ను చిన్న డబ్బాలో పెట్టి, పవర్ ట్రాన్సిస్టర్‌కు దూరంగా జరిపాం. అప్పుడు కుదుటపడింది.

పెద్ద దెబ్బ డిసెంబర్‌లో తగిలింది. పవర్ స్టేజ్‌లో వాడిన ఐఆర్ఎఫ్ 510 ట్రాన్సిస్టర్‌ను నేరుగా అల్యూమినియం పెట్టెకు బిగించాం. స్విచ్ వేయగానే ఫ్యూజ్ పోయింది. కొత్త ఫ్యూజ్ వేశాం, అదీ పోయింది. మూడు వారాలు బోర్డు అంతా వెతికాం. ఆ ట్రాన్సిస్టర్ వెనుక లోహపు పలక లోపల డ్రెయిన్‌కు (సప్లై వచ్చే కాలికి) కలిసే ఉంటుంది, మధ్యలో అభ్రకం ముక్క పెట్టకపోతే సప్లై నేరుగా పెట్టెకు తగులుతుంది. ఈ సంగతి పట్టుకున్నది ఇంటర్ చదివే మన అమ్మాయి, డేటాషీట్ కాగితం ముందు పెట్టుకుని. సోల్డరింగ్‌లో ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లం అక్కడే కూర్చుని ఉన్నాం. ఎవరికీ ఆ కాగితం చదవాలని తోచలేదు.

అందుకే మొదటి పిలుపు తననే ఇవ్వమన్నాం. లైసెన్స్ వచ్చి అప్పటికి మూడో వారమే. "సీక్యూ సీక్యూ" (వింటున్నవాళ్లు ఎవరైనా పలకండి) అని రెండుసార్లు పిలిచి ఆగింది. గదిలో ఎవరూ కదల్లేదు. బెంగళూరు స్టేషన్ ఒకటి అమ్మాయి కాల్‌సైన్ స్పష్టంగా తిరిగి చెప్పింది. ఆ ఆనందంలో తన ఊరు చెప్పడం మరిచిపోయింది. అవతలి పెద్దమనిషి ఓపికగా అడిగి, నల్గొండ అని రాసుకుని, 73 (హ్యామ్‌ల భాషలో శుభాకాంక్షలు) చెప్పాడు. ఆయన ఇచ్చిన రిపోర్ట్ 57, అంటే స్పష్టత ఐదుకు ఐదు, బలం తొమ్మిదికి ఏడు. డాబా మీద యాంటెన్నా తీగ ఒక్కో వైపు 33 అడుగులు, సెట్టు పవర్ ఐదు వాట్లు. లాగ్‌బుక్‌లో ఆ వరుస కింద అందరం సంతకాలు పెట్టాం. లాగ్‌బుక్‌లో అలా చేయరని తెలుసు. ఆ రోజు ఆగబుద్ధి కాలేదు.

పొద్దుటి నెట్

రోజూ పొద్దున ఏడు గంటలకు అందరం ఒకే ఫ్రీక్వెన్సీలో కలిసే నెట్ ఈ ఏడాది కూడా నడిచింది. ముందు వినండి, ఖాళీ ఉందో లేదో అడగండి, తర్వాతే మాట్లాడండి అని కొత్తవాళ్లకు మళ్లీ గుర్తు చేస్తున్నాను.

2024 మే 11 పొద్దున నెట్‌లో ఒక్క గొంతు కూడా లేదు. ఒక సభ్యుడు తీగ తెగిందనుకుని డాబా ఎక్కి చూసి వచ్చాడు. ఇంకొకరు సెట్టు విప్పేశారు. తర్వాత తెలిసింది, మన టైమ్ ప్రకారం 6:53కు సూర్యుడి మీద ఎక్స్5.8 తీవ్రత ఉన్న జ్వాల రేగింది. ఆ ఎక్స్ కిరణాలు వెలుతురు ఉన్న వైపు వాతావరణం పైపొరల్లో అడుగున ఉండే డి పొరను చిక్కబరుస్తాయి, షార్ట్‌వేవ్ సంకేతాన్ని ఆ పొర మింగేస్తుంది. అంతకు ముందు రాత్రే భూమిని తాకిన సౌర తుఫాను 2003 తర్వాత మొదటి జీ5, అంటే అత్యంత తీవ్రమైన స్థాయి. ఆ రాత్రి లద్దాఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబడింది. మన దగ్గర కనిపించింది ఖాళీ బ్యాండ్ మాత్రమే. అయినా 93 మిలియన్ మైళ్ల దూరంలో జరిగిన సంగతి డాబా మీది రాగి తీగతో తెలుసుకున్నాం. ఆ పొద్దున లాగ్‌లో "నిశ్శబ్దం" అని టైమ్ వేసి రాసిపెట్టిన సభ్యుడికి ప్రత్యేక అభినందనలు.

నాయిస్ గురించి ఫిర్యాదులు పెరిగాయి. చవక ఎల్ఈడీ బల్బులు, ఛార్జర్లు దీనికి ముఖ్య కారణం. బ్యాటరీతో నడిచే చిన్న ట్రాన్సిస్టర్ రేడియో పట్టుకుని, ఇంట్లో మెయిన్ ఆపి ఒక్కొక్కటి వేసుకుంటూ పొండి. చాలామందికి దొంగ సొంత ఇంట్లోనే దొరికింది.

సెప్టెంబర్ వరద, ఆ తర్వాత

ఈ భాగం రాయడం నాకు కష్టంగా ఉంది. ఆగస్టు 31 రాత్రి, సెప్టెంబర్ 1న కురిసిన వానకు కోదాడ మునిగింది. నడిగూడెం మండలంలో కాగిత రామచంద్రాపురం దగ్గర సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. మనకు గంట రెండు గంటల దూరం. మనం ఏమీ చేయలేకపోయాం. ఛార్జ్ చేసిన బ్యాటరీ ఇద్దరి దగ్గరే ఉంది. మిగతా సెట్లన్నీ కరెంటు మీద ఆధారపడినవి. ఎవరు ఎక్కడికి పోవాలి, ఏ ఫ్రీక్వెన్సీలో కలవాలి అన్నది ముందుగా అనుకోలేదు.

2004 డిసెంబర్‌లో అండమాన్‌లో సునామీ వచ్చిన రోజు భారతీ ప్రసాద్ గారు పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్నారు. హ్యామ్ స్టేషన్ నడపడానికే వెళ్లారు, సెట్టు, యాంటెన్నా అప్పటికే సిద్ధం. అందుకే ఫోన్లు పోయినప్పుడు అక్కడి కబురు బయటికి చేర్చగలిగారు. మన దగ్గర లేనిది ఆ సన్నద్ధతే.

అందుకని నవంబర్‌లో అచ్చంపేట అవతల, ఉమామహేశ్వరం గుట్ట కింద రంగాపూర్ దగ్గర ఒక రాత్రి కసరత్తు చేశాం. సగం మంది అక్కడ, సగం మంది నల్గొండలో. గుట్ట మలుపు తిరగగానే రెండు మీటర్ల బ్యాండ్ చేతిసెట్లు మూగబోయాయి. ఆ తరంగాలు గుట్ట దాటవు. 40 మీటర్ల బ్యాండ్ యాంటెన్నా తీగను పది అడుగుల ఎత్తులోనే వెదురు బొంగులకు కట్టాం. అంత కిందగా ఉంటే సంకేతం నిటారుగా పైకి పోయి, అయనోస్ఫియర్ నుంచి చుట్టుపక్కల మూడు నాలుగు వందల కిలోమీటర్ల మేర వాన చినుకుల్లా దిగుతుంది. నల్గొండ పక్కింట్లో మాట్లాడినంత స్పష్టంగా వచ్చింది. నేలంతా బండ కావడంతో ఎర్త్ రాడ్ దిగలేదు, అయినా పని ఆగలేదు.

తెల్లవారుజామున నాలుగింటికి మాత్రం నల్గొండ మాయమైంది, దూరపు దేశాల వాళ్లు వినిపించారు. రాత్రి చివర్లో పైపొర పలచబడి, నిటారుగా పోయిన సంకేతాన్ని తిప్పి పంపలేకపోతుంది. ఆ వేళకు 80 మీటర్ల బ్యాండ్ కావాలి. దానికి తీగ ఒక్కో వైపు 20 మీటర్లు. ఈ వేసవిలో మొదటి పని అదే. నెల మొదటి ఆదివారం అందరూ బ్యాటరీ వోల్టేజ్ నెట్‌లో చెప్పాలని కమిటీ నిర్ణయించింది. దయచేసి దీన్ని తేలికగా తీసుకోవద్దు.

పరీక్షలు, లెక్కలు

కొత్తవాళ్ల పరీక్ష తరగతులు శనివారాలు నడిచాయి. పన్నెండేళ్లు నిండిన ఎవరైనా రాయవచ్చు, పిల్లలను తీసుకురండి. పాసైన తర్వాత కాగితాలు ఒక కార్యాలయంలో నెలల తరబడి ఆగడం వల్ల ఇద్దరు పిల్లలు ఉత్సాహం పోగొట్టుకున్నారు. వాళ్ల ఇళ్లకు వెళ్లి మాట్లాడాం, మళ్లీ వస్తున్నారు. జమాఖర్చుల పట్టికను కోశాధికారి సమావేశంలో విడిగా చదువుతారు.

మన పెద్దాయన

ఫిబ్రవరిలో మన పెద్దాయన వెళ్లిపోయారు. పోలీస్ వైర్‌లెస్‌లో ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. రిస్ట్రిక్టెడ్ గ్రేడ్ లైసెన్స్‌తో తృప్తి పడొద్దు, జనరల్ గ్రేడ్ రాయండి, నిమిషానికి ఎనిమిది మాటల మోర్స్ కోడ్ ఎంతసేపు నేర్చుకుంటారని పోరేవారు. చుక్కలు, గీతలు లెక్కపెట్టనిచ్చేవారు కాదు. నోటితో "డిడా, డిడా" అని పలికి, పాటలాగా వినమనేవారు. చాయ్ గ్లాసు మీద చెంచాతో కొట్టి మన పేర్లు పంపేవారు. ఇప్పుడు నెట్‌లో ఆయన వంతు వచ్చినప్పుడు అందరం ఒక క్షణం ఆగుతున్నాం.

ఆయన కుటుంబం ఆయన మోర్స్ కొట్టే ఇత్తడి కీ మనకు ఇచ్చింది. బుధవారం సాయంత్రం ఆరింటికి దాని మీదనే మోర్స్ తరగతి మొదలవుతుంది. కింద రబ్బరు ముక్క అరిగిపోతే మార్చాం. స్ప్రింగ్ బిగువు, పాయింట్ల మధ్య సందు ఆయన పెట్టుకున్నట్టే ఉంచాం.

కార్యదర్శి