ముందు డాక్టరు కాగితం, తర్వాతే వైకుంఠ రథం

సంపాదకులకు నమస్కారం.

ఇంట్లో మనిషి పోగానే ఫ్రీజర్ పెట్టెకీ, వైకుంఠ రథానికీ ఫోన్ చేసేవాళ్లు ముందుగా అడిగేది ‘ఎంత తీసుకుంటారు?’ అని. అడగాల్సిందే. కానీ అంతకంటే ముందు చూసుకోవాల్సింది డాక్టరు రాసిచ్చే కాగితం. కర్మకాండలు అయ్యాక పింఛను, బీమా, బ్యాంకు ఖాతాల పనిమీద తిరిగే కుటుంబాల్లో చాలావరకు చిక్కుకునేది అక్కడే. హైదరాబాద్‌లో అంత్యక్రియల ఏర్పాట్లు చూసే మాకు రోజూ ఎదురయ్యే ప్రశ్నలకు మీ పత్రిక ద్వారా జవాబు చెప్పాలని ఈ ఉత్తరం.

ఆసుపత్రిలో పోతే మరణ కారణం ఫారం 4లో వాళ్లే రాస్తారు, నమోదుకూ వాళ్లే పంపుతారు. ఇంట్లో పోతే ఆ బాధ్యత ఇంటివాళ్లది. చివరి జబ్బుకు వైద్యం చేసిన డాక్టరు చేత ఫారం 4ఎ రాయించుకోవాలి. చాలా రోజులుగా మంచంలో ఉన్న పెద్దాయన తెల్లవారుజామున పోతే, కంగారులో కారెక్కించి ఏదో ఒక పెద్దాసుపత్రికి తీసుకెళ్తారు. అక్కడి డాక్టరు ఆయన్ను అంతకుముందు ఎప్పుడూ చూసి ఉండడు, కారణం రాయలేడు. విషయం పోలీసుల దాకా, పోస్టుమార్టం దాకా పోవచ్చు. ఊపిరి ఉందేమోనన్న అనుమానం ఏమాత్రం ఉన్నా 108కి చేయాల్సిందే. లేదని తేలిపోతే మాత్రం రోజూ చూసే డాక్టరునే ఇంటికి పిలవండి.

నమోదు జరిగేది మరణించిన చోట, సొంత ఊళ్లో కాదు. నల్గొండ మనిషి హైదరాబాద్ ఆసుపత్రిలో పోతే ఊరి పంచాయతీ కార్యదర్శి చుట్టూ ఎన్నిసార్లు తిరిగినా సర్టిఫికెట్ రాదు. 21 రోజుల్లోపు నమోదుకు రుసుము లేదు. ఆ తర్వాత 30 రోజుల వరకు ఆలస్య రుసుము కట్టాలి. నెల దాటితే జిల్లా రిజిస్ట్రార్ రాతపూర్వక అనుమతి, ఏడాది దాటితే మెజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. పేరు ఆధార్‌లో ఉన్నట్టే, ఇంటిపేరుతో సహా రాయించండి. ఆసుపత్రి చీటీలో ‘సుబ్బారావు’ అనీ, బ్యాంకులో ‘వెంకట సుబ్బారావు’ అనీ ఉంటే దిద్దించుకోవడానికి మళ్లీ తిరగాలి. శ్మశానంలో ఇచ్చే రశీదు కూడా పారేయకండి, ఇంట్లో జరిగిన మరణాల నమోదులో దాన్ని అడుగుతారు.

ప్రమాదం, విషం, పాముకాటు, కాలిన గాయాలు, ఉరి, మెట్ల మీంచి పడటం... వీటిలో దేనివల్ల పోయినా సరే పోలీసులకు చెప్పకుండా శవాన్ని కదిలించకూడదు, స్నానం చేయించకూడదు. పెళ్లయి ఏడేళ్లలోపు స్త్రీ ఆత్మహత్య చేసుకున్నా, అనుమానాస్పదంగా పోయినా పంచనామాకు మెజిస్ట్రేట్ రావాలి. బిల్లు బాకీ ఉందని ఆసుపత్రి శవాన్ని ఆపుకోవడం రోగుల హక్కులకు విరుద్ధమని కూడా తెలిసుండాలి.

ఇక శవాన్ని ఉంచే సంగతి. ప్రాణం పోయిన రెండు మూడు గంటల్లో దవడ, మెడ బిగుసుకోవడం మొదలవుతుంది. కళ్లు మూయడం, దవడకు గుడ్డ కట్టడం, కాళ్ల బొటనవేళ్లు కలిపి కట్టడం ఆలోపే చేయాలి. ఉంగరాలు, మెట్టెలు, గాజులు కూడా అప్పుడే తీసేయండి. వేళ్లు ఉబ్బాక కత్తిరించడం తప్ప దారి ఉండదు. స్నానం చేయించాక ఒళ్లు పొడిగా తుడిచి పెట్టెలో ఉంచాలి. తడి బట్టతో పెడితే లోపల నీరు చేరుతుంది, అద్దానికి మంచు పట్టి ముఖం కనిపించదు. ఆ మంచు తుడవడానికి ప్రతివాళ్లూ మూత ఎత్తుతారు, చల్లదనం మొత్తం పోతుంది. పెట్టె తీగను సన్నటి ఎక్స్‌టెన్షన్ బోర్డుకు కాక నేరుగా గోడ ప్లగ్గుకే పెట్టండి. పక్కనున్న గాలి జాలీకి దండలు అడ్డం పెట్టొద్దు, కంప్రెసర్ వేడెక్కి ఆగిపోతుంది. కరెంటు పోతే మూత తీయకండి. ఈ ఫ్రీజర్ పెట్టె మార్చురీ కాదు. విదేశాల నుంచి కొడుకు వచ్చేదాకా రెండు మూడు రోజులు ఉంచాలంటే ఆసుపత్రి మార్చురీయో, ఎంబామింగో (శవం పాడవకుండా మందు ఎక్కించడం) చూసుకోవాలి. విమానంలో పంపాలంటే ఎంబామింగ్ సర్టిఫికెట్, శవపేటికకు సీలు వేసినట్టు పత్రం, పోలీసుల నిరభ్యంతర పత్రం, డాక్టరు మరణ ధ్రువపత్రం సిద్ధం చేసుకోవాలి.

నేత్రదానం చేయాలంటే ఆరు గంటల్లోపే. ఫ్యాను ఆపి, రెప్పలు మూసి తడి దూది పెట్టి, తల కింద దిండు ఎత్తుగా ఉంచి ఐ బ్యాంకుకు ఫోన్ చేస్తే చాలు. కళ్లద్దాలున్నా, షుగరున్నా ఇవ్వొచ్చు. ముఖం పాడవుతుందన్న భయం వద్దు.

గుండె లయ తప్పకుండా ఛాతీలో అమర్చే పేస్‌మేకర్ పరికరం ఉంటే దహనానికి ముందే తీయించాలి. వేడికి దాని బ్యాటరీ పేలుతుంది, విద్యుత్ దహనవాటికలో కొలిమే దెబ్బతింటుంది. ఆ సంగతి మాతో ఎవరూ తమంతట తాము చెప్పరు, మేమే అడగాల్సి వస్తోంది. విద్యుత్ కొలిమి వేడెక్కడానికి సమయం పడుతుంది కాబట్టి బయల్దేరేముందే ఫోన్ చేయండి. నైలాను బట్టలు, ప్లాస్టిక్ దండలు లోపలికి పోనివ్వొద్దు. కట్టెలతో అయితే మూడు నాలుగు క్వింటాళ్లు పడతాయి. పచ్చి కట్టె అంటగడితే పొగే తప్ప మంట ఉండదు, అంతా అయ్యేలోపు ఇంకో క్వింటా కొనమంటారు. దుంగను పట్టుకుని బరువు చూడండి, చివర పగుళ్లు ఉన్నాయేమో చూడండి; తేలిగ్గా ఉండి పగుళ్లుంటే అది ఎండిన కట్టె. అస్థికలు విమానంలో తీసుకెళ్లేవాళ్లు లోహపు చెంబు వాడకండి, ఎక్స్‌రేలో లోపలున్నది కనిపించదు. మరణ ధ్రువపత్రం, దహనం రశీదు చేతిలో ఉంచుకోండి.

ధర దగ్గరికి వద్దాం. ‘మొత్తం ప్యాకేజీ ఇంత’ అంటే ఒప్పుకోకండి. పెట్టె అద్దె రోజుకా, గంటలకా? బండికి కిలోమీటరు లెక్కా, వెయిటింగ్ ఉందా? పాడె సామాను, కట్టెలు, కాటికాపరి కూలి, పురోహితుడి సంభావన అందులో కలిపారా? విడివిడిగా చెప్పమని, కాగితం మీద రాసిమ్మని అడగండి. మా వృత్తిలో రాసివ్వడానికి జంకేవాళ్లు ఉన్నారు, అలాంటివాళ్లను వదిలేయడం మంచిది. ప్రభుత్వ ఆసుపత్రిలో పోయినవారిని ఇంటికి చేర్చడానికి తెలంగాణలో పార్థివ వాహనాలు, ఆంధ్రప్రదేశ్‌లో మహాప్రస్థానం వాహనాలు ఉచితమే. గేటు దగ్గర ప్రైవేటు అంబులెన్సు మాట్లాడుకునే ముందు లోపల వాటి గురించి అడగాలి.

మున్సిపల్ కమిషనర్లకు మా విన్నపం ఒక్కటే. ప్రతి శ్మశానవాటిక గేటు దగ్గర కట్టెల ధర, దహనం రుసుము, రశీదు ఇచ్చే వేళలు తెలుగులో బోర్డు రాయించాలి. మరణం నమోదుకు నింపాల్సిన ఫారం 2, డాక్టరు రాయాల్సిన ఫారం 4ఎ అక్కడే దొరికేలా చూడాలి.

ఇట్లు,
అంత్యక్రియల సేవల నిర్వాహకులు,
హైదరాబాద్